పక్కింటాయన తుపాకికి మావారి చేతికర్ర

పక్కింటాయన పోయాడని మంగళవారం పొద్దున వాళ్లమ్మాయి కంచె అవతల నిలబడి చెప్పింది. పామర్‌స్టన్ నార్త్‌లో మా అమ్మాయి దగ్గర సెటిల్ అయిన ఈ ఆరేళ్లలో నాతో తీరిగ్గా మాట్లాడిన ఈ దేశపు మనిషి, కివీ, ఆయనొక్కడే. అందుకే రాస్తున్నాను. అన్నీ మంచి మాటలే ఉంటాయనుకోకండి.

శనివారాలు గరాజ్ తలుపు ఎత్తి, వేట తుపాకి ముందేసుకుని కూర్చునేవాడు. సెమీ ఆటోమేటిక్. ఒక గుండు పేలగానే రెండోది తనంతట తనే ఎక్కుతుందని ఓ రోజు నాకు చెప్పి మురిసిపోయాడు.

"మా ఇంట్లోనూ అన్నీ ఆటోమేటిక్కే, అల్లుడు తప్ప" అన్నాను. ఆ రోజే నాకో మడత కుర్చీ వేశాడు.

తుపాకికున్న ప్లాస్టిక్ భాగాలు తీసేసి, వాల్‌నట్ కర్రతో తనే చెక్కుకున్నాడు. భుజానికి ఆనించి చూడటం, కాస్త గీకడం, మళ్లీ ఆనించడం. అవిసె నూనె పల్చగా పట్టించి, "ఇవాళ్టికి చాలు, తాగనీ" అనేవాడు. ముప్పై ఏళ్లు బాటనీ పాఠాలు చెప్పాను. కర్రని అంత మర్యాదగా చూసిన మనిషిని ఎరగను.

"మా ఆవిడ పోయాక వేట మానేశాను. ఇది చేతులకి పని, అంతే" అన్నాడు. నమ్మాను.

గొట్టం కింద ఎడమచేయి పట్టే చోట, కొసకి నల్లటి ముక్క కావాలన్నాడు. మావారి చేతికర్ర, జిట్రేగి చేవ, విరిగి నా బీరువాలో ఉంది. దాని పిడి ఇచ్చాను.

"దీన్ని పట్టుకుని ప్రాణం తీయకూడదు."

"మాటిస్తున్నాను."

దానికి వేలు ఆనేలా గాడి పెట్టాడు. గరుకు కాగితం నా వేలికి చుట్టుకుని నేనే నున్నగా రుద్దాను. "కాల్చని తుపాకికి గాడెందుకు?" అంటే "అందానికి" అన్నాడు. ఇంత చదువూ చదివి ఆ జవాబు మింగాను.

ఏటా ఏప్రిల్‌లో చెల్లెలి ఊరికని బయల్దేరేవాడు. దారిలో తింటాడని స్టీలు డబ్బాలో పులిహోర కట్టిచ్చేదాన్ని.

అంత్యక్రియల తర్వాత టీ ఇచ్చిన హాల్లో ఆయన ఫొటోలు పెట్టారు. నాలుగు ఏప్రిళ్లు, నాలుగు దుప్పులు. మోకాలి మీద తుపాకి, కొసన మావారి కర్ర నిగనిగలాడుతూ. పక్కనే గడ్డిలో నా స్టీలు డబ్బా.

"పక్కింటావిడకి చెప్పకండి, బాధపడుతుంది అనేవారు నాన్న" అంది వాళ్లమ్మాయి.

మా అల్లుడు శాండ్‌విచ్‌ని శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. అతనికీ తెలుసట.

"ఆ ముక్క నాకు తిరిగిచ్చెయ్యమ్మా" అన్నాను. మర్నాడే మర తిప్పి ఊడదీసి తెచ్చిచ్చింది.

కిటికీ గట్టు మీద పెట్టాను, రోజూ తిట్టొచ్చని. ఇంకా అవిసె నూనె వాసనే. ఇవాళ శనివారం; ఎదురుగా గరాజ్ తలుపు దించి ఉంది. ముక్క చేతిలోకి తీసుకుని గాడిలో వేలు పెట్టాను. అతికినట్టు సరిపోయింది.