రెండు గంటల పది నిమిషాలు

ఢిల్లీకి విమానంలో ఎంతసేపు అని ఎవరైనా అడిగితే నాకు రోత పుడుతుంది. రెండు గంటల పది నిమిషాలు. ఆ ముక్క ఒకరోజు మా అమ్మ శవం పక్కన నిలబడి పొద్దంతా వాగాను.

అమ్మ చలికాలంలో ఒక పొద్దున జహీరాబాద్‌లో మా ఇంట్లోనే పోయింది. మా వైపు ఆడమనిషి పోతే చివరి స్నానం చేయించి తల్లిగారింటి చీర కడతారు. అది అన్నదమ్ములు తేవాలి. అమ్మకు తోడబుట్టినవాడు ఒక్కడే. ఢిల్లీలో ఒక హాస్టల్లో వంట చేస్తాడు. ఫోన్ చేస్తే ఏడుస్తూనే, "వస్తున్న అల్లుడా. అక్కకు చీర నేనే తెస్త" అన్నాడు.

అంతలో పక్కనే ఉన్న కోహీర్ నుంచి అమ్మ చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. వరసకు ఆయనా మాకు మామే.

"మేం బయలెల్తున్నం. చీర తేవాల్నా?"

"వద్దు మామా. ఢిల్లీ మామ విమానంల వస్తున్నడు. రెండు గంటల పది నిమిషాలే."

నేను విమానం ఎక్కింది జన్మలో ఒక్కసారి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చిన ప్రతివాడికీ ఫోన్‌లో దూరం చూపించాను. పన్నెండు వందల యాభై కిలోమీటర్లు, ఎంతలో వస్తాడో చూడండి అని. మామకు ఒంటిగంట విమానం దొరికింది. మూడుంపావుకల్లా మా గుమ్మంలో ఉంటాడనుకున్నాను. శంషాబాద్‌లో దిగాక బయటికి రావాలని, కారు దొరకాలని, సంగారెడ్డి దారిలో లారీల వెనక పడి రావాలని నా బుర్రకు తట్టలేదు.

విమానం ఎగిరాక ఇంకా అసహ్యం. ఫోన్‌లో చిన్న విమానం బొమ్మ కదులుతుంటే చుట్టాలంతా నా చుట్టూ మూగారు.

"నాగ్‌పూర్ దాటిండు."

"జర పెద్దగ జెయ్యి, కనవడ్తలేదు."

క్రికెట్ స్కోరు చూసినట్టు చూశారు. చూపించింది నేనే. అమ్మ మొహం మీద ఈగలు వాలుతుంటే తోలేవాడు లేడు.

మూడుంపావుకు "దిగిండు!" అని అరిచాను. నాలుగున్నరకు పెద్దనాయన నా భుజం మీద చెయ్యేశాడు.

"యాడిదాకొచ్చిండు?"

"ఇంక ఔటర్ రింగు రోడ్డు మీదనే ఉన్నడట."

"పొద్దుగూకినంక ఎత్తం బిడ్డా. ఇగ ఆగుడు కాదు. చీర సంగతి జూడు."

కోహీర్ మామ ఒక మూల వట్టి చేతులతో కూర్చుని ఉన్నాడు. నేను బజారుకు ఉరికి, చేతికందిన పచ్చచీర పట్టుకొచ్చాను. దానికున్న ధర చీటీ కూడా పీకలేదు. మా అక్క ఏడుస్తూ పళ్లతో దారం కొరికి దాన్ని తీసేసింది. నా మీద నాకే ఉమ్మేయాలనిపించింది.

ఢిల్లీ మామ నేరుగా శ్మశానానికే వచ్చాడు. అప్పటికి చితి సగం కాలింది. విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన చీర మడత విప్పకుండా అలాగే చేతిలో ఉంది.

"ఏం చీర గట్టిన్రు?"

"బజార్ల కొన్నది మామా."

ఢిల్లీ మామ కోహీర్ మామ వైపు తిరిగి, "గింత దగ్గరున్నవు. ఒక్క చీర తేవాల్నని తోచలేదా?" అన్నాడు.

కోహీర్ మామ ఒక్కసారి నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు. తేవద్దన్నది నేనేనని నేను చెప్పలేదు.