పక్కవాళ్ళ పండగ చేయించిన సార్

సేదరపేట్ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. మా సార్ పోయారట. పొద్దున టిఫిన్ తిని, కాఫీ అడిగి, అది వచ్చేలోగా కుర్చీలోనే కన్ను మూశారట. నేను పనిచేసే ఫ్యాక్టరీ స్టాపు దాటిపోయినా దిగలేదు. తర్వాత ఎదురు బస్సెక్కి గోరిమేడులో సార్ ఇంటికి వెళ్తూ అమ్మకు చెప్పాను. అమ్మ "తినే పోయినారా?" అని అడిగింది. తిన్నారన్నాను. "సరి, ఆకలితో పోలేదు" అని ఫోన్ పెట్టేసింది. మా అమ్మ ఒక మనిషి గురించి అంతకంటే ఎక్కువ బాధపడదు.

సార్ మా యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పేవారు. పాఠం బాగానే చెప్పేవారు, అబద్ధమెందుకు, కానీ ఆయన్ను తలుచుకొనేవాళ్ళెవరూ ఫిజిక్స్‌తో మొదలుపెట్టరు. ఏటా జరిగే సాంస్కృతికోత్సవంతో మొదలుపెడతారు. మా క్యాంపస్‌లో దేశం నలుమూలల పిల్లలూ ఉండేవాళ్ళు. ఆ ఉత్సవానికి సార్ పెద్ద, ఆయన షరతు ఒకటే. ఎవరి ఆట వాళ్ళు ఆడకూడదు. చీటీలు వేసి, ఏ ప్రాంతం పేరు వస్తే ఆ ప్రాంతానిది చేసి చూపించాలి. ఆ ప్రాంతంవాళ్ళు దగ్గర కూర్చొని నేర్పాలి. ఉత్సవం రోజున ముందు వరసలో కూర్చొని, అయిపోయేదాకా నవ్వకుండా చూడాలి. "మీ పండగ మీరు చేసుకోవడానికి ఇళ్ళున్నాయి, ఇక్కడ పక్కవాళ్ళది చెయ్యండి" అనేవారు.

చూడాలి ఆ తమాషా. తమిళ పిల్లలు భాంగ్రా చేస్తుంటే ఒకడి తలపాగా ఊడి పక్కవాడి కాళ్ళకు చుట్టుకుంది. పంజాబీ పిల్లలు కోలాటం వేస్తే కర్రలకంటే వేళ్ళకే ఎక్కువ దెబ్బలు తగిలాయి. ముందు వరసలో ఆ ఆట సొంతదారులు పళ్ళు బిగబట్టి కూర్చొనేవాళ్ళు. సార్ మాత్రం ఎవరేం తొడిగితే అది తొడుక్కొని తిరిగేవారు. సాయంత్రానికి మెడలో అస్సాం గమోసా, నడుముకు కేరళ ముండు, నెత్తిన రాజస్థాన్ తలపాగా, కాళ్ళకు ఎప్పటి హవాయి చెప్పులే. ఆ వేషంలోనే సైకిలెక్కి ఇంటికి పోయేవారు. మొదటి ఏడు వీధి కుక్కలు వెంటపడ్డాయట, తర్వాత వాటికీ అలవాటైపోయింది.

ఇక నా సంగతి. మాది పుదుచ్చేరిలో తరాలుగా ఉన్న తెలుగిల్లు. నాన్న మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ సగం తమిళం కలిసిన తెలుగు. ఒకసారి చీరల అంగడిలో ఎవరో ఆంధ్రా ఆవిడ అమ్మ మాట విని, ఇదేం తెలుగని నవ్విందట. అప్పటినుంచి మన తెలుగు గడప దాటకూడదని అమ్మ శాసనం. బయట అందరితోనూ తమిళమే. క్యాంపస్‌లో తమిళ స్నేహితులు నన్ను తెలుగుపిల్ల అనేవాళ్ళు. తెలుగు పిల్లలేమో నేను నోరు తెరిస్తే చాలు, "యాడ, ఏంది" అంటూ నన్ను అనుకరించి ముచ్చటపడేవాళ్ళు. వాళ్ళకు దురుద్దేశం లేదు. నాకు మాత్రం మండేది. తెలుగువాళ్ళు నన్ను ఒక్కసారైనా తమ మనిషిగా లెక్కపెట్టాలని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు.

ఆ ఏడు మిజోరం అమ్మాయిలకు తెలుగు చీటీ వచ్చింది. నేర్పడానికి ఎవరని తెలుగు జట్టు నాయకుడు ఆలోచిస్తుండగా సార్ నా పేరు చెప్పారు. అతను నసిగాడు. నేను మాట్లాడేది అసలు తెలుగు కాదు కదా అని అతని అనుమానం. సార్ ఎప్పుడూ క్యాంపస్‌లో ఇంగ్లీషో తమిళమో మాట్లాడేవారు. ఆ రోజు మాత్రం తెలుగులో, "ఏం నాయనా, అది గుజరాతీనా? మా ఇంట్లోనూ అదే మాట్లాడతాము" అన్నారు. బజారులో పాత్రల కొట్టున్న తెలుగు కుటుంబం ఆయనదని చాలామందికి అప్పుడే తెలిసింది.

ఏం నేర్పాలో నాకు తోచలేదు. మీ ఇంట్లో బాగా జరిగేదేదో అది నేర్పమన్నారు సార్. మా ఇంట్లో బాగా జరిగేది ఒక్కటే, బేరం. పాత చీరలకు స్టీలు పాత్రలిచ్చే తెలుగామె ఒకామె బుట్ట నెత్తిన పెట్టుకొని మా గడపలోకి వచ్చేది. ఆమెకూ అమ్మకూ జరిగే యుద్ధంకంటే మంచి తెలుగు నేను వినలేదు. దాన్నే చిన్న నాటకం చేశాను. పాత్రలామె వేషం మావీ అనే అమ్మాయిది, మా అమ్మ వేషం ఆమె స్నేహితురాలిది. గిన్నెలు మా ఇంటివే. అందుకే అమ్మ క్యాంపస్‌కు వచ్చింది. నా నాటకం చూడటానికి కాదు, గిన్నెలకు కాపలాగా. సార్ ఆమెను తీసుకొచ్చి ముందు వరసలో, తెలుగు జట్టు మధ్యన కూర్చోబెట్టారు.

నాటకం బాగానే మొదలైంది. ఇంతలో అమ్మ వేషం వేసిన అమ్మాయి కంగారులో నాలుగు మాటలు మింగేసి, ఒక జరీ చీరను చిన్న గిన్నెకు ఇచ్చేసింది. అంతకంటే ఘోరం, అమ్మ లేచి నిలబడింది.

"ఏందమ్మా ఇది, జరీ చీరకి ఇంత గిన్నెనా? ఆ పెద్ద అండా ఇస్తే ఇయ్యి, లేకుంటే బుట్టెత్తుకొని పో."

అవి తన గిన్నెలేనన్న సంగతి కూడా మరిచిపోయింది. మావీ ఏమాత్రం తొణకలేదు. గిట్టుబాటు కాదనడానికి నేర్చుకున్న మాట ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. "కట్టుబడి కాదక్కా" అంది. హాలు గొల్లుమంది. అమ్మ అప్పుడు చుట్టూ చూసింది. గడప దాటి ఎంత దూరం వచ్చేసిందో అప్పుడర్థమైనట్టుంది. కూర్చోబోయింది. పక్కనున్న తెలుగు జట్టు నాయకుడు ఆమె మోచెయ్యి పట్టుకొని ఆపాడు. "తగ్గొద్దు పిన్నీ, మనం తగ్గొద్దు. గరిటె కూడా అడుగు" అన్నాడు.

ఆ "మనం" విని నేను స్టేజీ పక్కన తెర పట్టుకొని ఏడ్చేశాను. ఇన్నేళ్ళ తర్వాత సార్‌కు ఏమివ్వాలో తెలియక ఇది రాస్తున్నాను.

అప్పుడు సార్ మైకు తీసుకొని స్టేజీ దిగారు. తీగ అమ్మ దాకా రాలేదు. తలపాగా జారుతుండగా నడుము వంచి, చెయ్యి చాచగలిగినంత చాచి అమ్మ వైపు పట్టుకున్నారు. అమ్మకు తొందరేమీ లేదు. మావీ అందించిన అండాను తిరగేసి చూసింది, అంచు తడిమింది, అడుగున వేలితో రెండు దెబ్బలు కొట్టి చెవి పెట్టింది. సార్ ఇంకొంచెం వంగి మైకును అండా దగ్గరికి జరిపారు. అమ్మ మళ్ళీ కొట్టింది. హాలంతా ఖంగుమంది.