ఆయన టార్చి పట్టిన ఆదివారాలు

మొన్న స్టాఫ్ రూములో మా సైన్సు టీచరు తన కష్టం చెప్పుకుంది. వాళ్ళింట్లో గేములాడే కంప్యూటర్ నత్తలా నడుస్తోందట. కొత్త భాగాలు వేయించాలా, ఉన్నదానికే ఏమైందో వెతికించాలా అన్నది ఆమె సందేహం. ఈ బడిలో అలాంటి సంగతులు తెలిసినదాన్ని నేనేనని పేరు కాబట్టి అందరూ నా వైపు చూశారు. "ముందు ఇంట్లో ఎవరైనా దాని జోలికి పోయినారేమో కనుక్కో" అన్నాను. అందరూ నవ్వారు. నేను టిఫిన్ డబ్బా మూత పెట్టేసి, క్లాసు లేకపోయినా లేచి బయటికి వచ్చేశాను.

నేను ఎమ్మిగనూరు పిల్లను. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చాను. ఇంటి వెనకే పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు. సీజనులో కిటికీ తెరిస్తే దూది లోపలికి వస్తుంది. పాల మీద తేలేది మీగడో దూదో చూడగానే చెప్పడానికి నాకు ఒక సంవత్సరం పట్టింది. ఆ వీధిలో ఏది చెడినా నేరం దూది మీదే వేస్తారు. దగ్గు వచ్చినా దూదే, ఫ్రిజ్ ఆగినా దూదే, కుట్టు మిషన్ దారం తెంపినా దూదే. మా ఆయన ఆ దూదిలోనే పుట్టి పెరిగిన మనిషి. చిటికెడు పత్తిని రెండు చేతుల వేళ్ళతో లాగి చూసి అది ఎంత మంచిదో చెప్పేవారు. బరువు కోసం ఎవరైనా నీళ్ళు చల్లి తెస్తే ఆ బండి అటునుంచటే వెనక్కి పోవలసిందే. "మోసం చేతికి తెలుస్తాది" అనేవారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట విని నాకెంత గర్వమో.

కరోనా రోజుల్లో బడీ మూతపడింది, పత్తి మండీ మూతపడింది. ఎమ్మిగనూరులో కంప్యూటర్ల దుకాణం పెట్టుకున్న మా పిన్ని కొడుకు అంతకు ముందే మాకొక మంచి కంప్యూటర్ తయారుచేసి ఇచ్చి ఉన్నాడు. దాని మీద ఆట నేర్పింది మా ఆయనే. నలుగురు కలిసి పాడుబడ్డ ఊళ్ళోకి దిగి చివరిదాకా ప్రాణాలు నిలుపుకోవాలి, అంతే ఆట. ఆయనకు నెలలోనే విసుగొచ్చింది, నాకు పట్టుకుంది. మధ్యాహ్నం మా పాప నిద్రపోగానే హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ముఖం చూడని ముగ్గురు ఆడవాళ్ళు నాకు జట్టు అయ్యారు. బడిలో నేను పిల్లలు భయపడే లెక్కల టీచర్ని; అక్కడ మాత్రం ఎవరు ఎటు నుంచి వస్తారో ముందే లెక్కగట్టి చెబుతానని నన్ను మెచ్చుకునేవాళ్ళు. ఒక పోటీకి నలుగురం పేర్లిచ్చాం. నా పెళ్ళి కుదిరినప్పుడు కూడా నేను అంతగా ఎదురుచూడలేదు.

పోటీ రెండు నెలలుందనగా కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. నేను తుపాకీ ఎత్తేలోపల నన్ను ఎవరో కాల్చేసి వెళ్ళిపోయేవారు. గ్రాఫిక్స్ కార్డు పాతదైపోయింది, కొత్తది వేయిద్దామన్నాను. "తొందరపడొద్దు. ముందు తప్పు యాడుందో చూద్దాం. దూది చేరింటాది" అన్నారు మా ఆయన. అలా మొదలయ్యాయి మా ఆదివారాలు. నేల మీద పాత పేపరు పరిచి, మరలు గిన్నెలో వేసుకుని, నేను కుంచెతో దులుపుతుంటే ఆయన పక్కన గొంతుక్కూర్చుని టార్చి పట్టేవారు. నిజంగానే గుప్పెడు దూది వచ్చింది. వేగం మాత్రం రాలేదు. మరుసటి వారం లోపలి ఫ్యాను మార్చాం. ఆ పై వారం అన్నీ చెరిపేసి విండోస్ మళ్ళీ ఎక్కించుకున్నాను. రెండు రోజులు గుర్రంలా పరుగెత్తి, మూడో రోజు మళ్ళీ చతికిలబడింది. మా అత్త మూడు ఎండుమిరపకాయలు దాని చుట్టూ తిప్పి, "దిష్టి తగిలింటాదమ్మా, దినమంతా దాని ముందర నవ్వుతాంటివి గద" అంది. నేను ఆ మాటకూ నవ్వాను. ఆ ఆదివారాల్లో ఆయన నాకు పదేళ్ళలో చెప్పని సంగతులు చెప్పారు. చిన్నప్పుడు పత్తి మూటల మధ్య దాక్కుని నిద్రపోతే ఇల్లంతా వెతికిన కథ, వాళ్ళ నాన్న కొట్టిన దెబ్బలు, అన్నీ. కంప్యూటర్ బాగుపడకపోతే ఏమిలే, మనిషి దొరికాడు అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంత సంతోషపడ్డాను.

పోటీకి పది రోజుల ముందు జట్టులో పెద్దామె మెసేజ్ పెట్టింది. చాలా మర్యాదగా, నా స్థానంలో వేరే అమ్మాయిని తీసుకున్నామని. ఆమె తప్పేమీ లేదు. ఆటకు మూడుసార్లు ఆగిపోయే మనిషిని ఎవరు పెట్టుకుంటారు? బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. బయటికి వస్తే ఆయన టవలు అందించి, "పోనీలే, వచ్చే ఏడు ఆడుదువులే" అన్నారు.

అయినా మనసొప్పక, ఆయన పని మీద కోడుమూరు వెళ్ళిన రోజు సిపియును దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఎమ్మిగనూరు వెళ్ళాను. కొత్త కార్డు వేయమని తమ్ముడిని అడిగాను. వాడు ఆన్ చేసి రెండు నిమిషాలు చూశాడు.

"కార్డు ఎందుకక్కా? దీనికేం రోగం ల్యాదు. ప్రాసెసర్ వేగం సగానికి కట్టేసినారు గద సెట్టింగులో."

"ఎవరు?"

"బావనే. పాప గేములు ఎక్కువ ఆడతాంది, వేగం తగ్గించే దోవ సెప్పమని ఫోన్ చేసినాడు. నడమ ఎప్పుడో అంతా చెరిగిపోయిందని మళ్ళా అడిగినాడు. నీకు సెప్పలేదా?"

మా పాపకు అప్పుడు ఆరేళ్ళు. కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు. తమ్ముడి ముందు పరువు పోకూడదని, "ఔను, చెప్పినారు, మరిచిపోయినా" అన్నాను. వాడు తెర మీద ఒక్క గీతను అటు నుంచి ఇటు జరిపాడు. పాత వేగమంతా వచ్చేసింది.

ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగేదాకా ఆగాను. ఎందుకు చేశారని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"నువ్వు వాళ్ళతో నవ్వుతాంటివి" అన్నారు. "నాతో అట్ల ఎప్పుడూ నవ్వలేదు. విసుగొచ్చి మానేస్తావులే అనుకుంటి. వారంలో తీసేద్దామనే అనుకుంటి. కానీ ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుంటివి. ఇంగ తీయబుద్ధి కాలేదు."

"మరి టార్చి ఎట్ల పట్టినారు? నేను లోపల ఎతుకుతాంటే, మీకు తెలిసి కూడా?"

ఆయన లేచి, గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయారు. ఆ తర్వాత నాకోసం కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చారు, నేను డబ్బా విప్పలేదు. మేము బాగానే ఉన్నాం, అడిగినవాళ్ళకు అలాగే చెబుతాను. పోటీ పోయిన బాధ ఏడాదిలో పోయింది, జట్టువాళ్ళ గొంతులు కూడా గుర్తు రావడం లేదు. ఆ ఆదివారాలే నన్ను వదలవు. నా కాపురంలో మంచి రోజులు ఏవని అడిగితే అవేనని చెప్పేదాన్ని. ఇప్పుడు వాటిని తలుచుకోబోతే ఆయన చేతిలో టార్చే కనిపిస్తుంది. రాబోయే రోజులు చెడిపోవచ్చని అందరికీ తెలుసు. గడిచిపోయిన రోజులు కూడా చెడిపోతాయని నాకు ఆయనే నేర్పారు.