కృపావతిగారి కంకర పళ్లెం

అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పే కృపావతిగారు, పీహెచ్‌డీకి చంద్రుడి మీది రాళ్ల నేలలను ఎంచుకున్నారు. దూరం నుంచి తీసిన ఫొటోల్లో ఆ రాళ్లు విడివిడిగా కనిపించవు. కానీ ఎండ పక్కకు వాలేకొద్దీ నీడలు పెరిగి, రాళ్ల నేల నున్నటి నేలకన్నా త్వరగా నల్లబడుతుంది. ఎంత త్వరగా అన్నది కొలిస్తే ఆ నేల ఎంత గరుకో చెప్పవచ్చు.

ముందు అది ల్యాబులో తేలాలి. తవ్వినకొద్దీ ఒండ్రే వచ్చే కోనసీమలో రాయి ఎక్కడిది? 1997లో రోడ్డు పనికి కంకర లారీ వస్తే, మేస్త్రీని అడిగి గోనెడు తెచ్చుకున్నారు. ఒక పళ్లెంలో కంకర, ఇంకోదానిలో అదే రాతి పొడి పరిచారు. కిటికీలు మూసి, బల్బును పైనుంచి పక్కకు జరుపుతూ, పళ్లెం నుంచి తిరిగొచ్చే వెలుగును మీటరుతో కొలిచారు.

రెండింటికీ దాదాపు ఒకే అంకెలు! బల్బు మార్చారు, మీటరు మార్చారు. ఏడాది గడిచినా అంతే. దసరాలోగా తేడా చూపించలేకపోతే విషయం మార్చుకోమని విశాఖపట్నం నుంచి గైడు ఉత్తరం రాశారు. ఆవిడకు అన్నం సహించడం మానేసింది.

ఒక వాన మధ్యాహ్నం, పెద్దవయసు అటెండరు పోలిరాజుగారు తడిసి వచ్చి, నల్ల గొడుగును కంకర పళ్లెం పక్కన ఆరబెట్టారు. బల్బుకు అది అడ్డమేమీ రాలేదు. అయినా మీటరు ముల్లు చటుక్కున దిగింది.

"అయ్యో, ఏవైనా చెడగొట్టేనాండి?" అంటూ ఆయన గొడుగు తీశారు. ముల్లు లేచింది.

"మళ్లీ పెట్టండి పోలిరాజుగారూ, అక్కడే!"

"ఆయ్."

ముల్లు మళ్లీ దిగింది. కృపావతిగారు గోడల కేసి చూశారు. కిందటేడే వేసిన తెల్లటి సున్నం.

"ఈ గోడలేనండీ, నీడల్లోకి వెలుగు కొడుతున్నాయి. చంద్రుడి మీద గోడలెక్కడివి?"

"అయితే సున్నం గీకించెయ్యమంటారా మేడంగారూ?"

ఆవిడకు నవ్వొచ్చింది. "వద్దండీ, నల్లగుడ్డ కడదాం."

బల్లకు మూడు వైపులా, పైనా గుడ్డ కట్టారు. మర్నాడు బల్బు పక్కకు జరిపేసరికి కంకర వెలుగు పొడి వెలుగులో సగానికి పడిపోయింది. ఆవిడ ఐదుసార్లు కొలిచారు. ఐదుసార్లూ అంతే.

వెంటనే ఎస్టీడీ బూత్‌కి వెళ్లి గైడుకు అంకెలు చదివి వినిపించారు. ఆయన రెండోసారి చదివించుకుని, "ఇక రాయడం మొదలుపెట్టండమ్మా" అన్నారు. మూడేళ్లకు పట్టా చేతికొచ్చింది గానీ, ఆవిడ గుండె కుదుటపడింది మాత్రం ఆ రోజే.

ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుంటుంటే బూత్ నడిపే అమ్మాజీగారు కంగారుపడ్డారు. "ఎవరికైనా ఒంట్లో బాగోలేదాండీ?"

"లేదండీ. అంతా బాగుందండి" అని, కృపావతిగారు అక్కడే స్టూలు మీద కాసేపు కూర్చుండిపోయారు.