విశ్వాసి అనే మాట

ఆయన్ని అందరూ నిదానం అనే పిలిచేవారు. ఎవరెంత తొందరపెట్టినా "నిదానం, నిదానం. రాయి పారిపోదు, పోయినవాళ్లు తిరిగి రారు" అనేవాడు. సమాధిరాళ్ల మీద అక్షరాలు చెక్కడం ఆయన పని. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. వయసులో రోడ్డుపనికి కంకర కొట్టేవాడు. తల్లి పోయినప్పుడు రాయి చెక్కించే స్తోమతు లేక తనే ఉలి పట్టాడు. ఒక్క పేరుకి పదకొండు రోజులు పట్టింది. అందులో ఒక దీర్ఘం ఇప్పటికీ వంకరే. సరిచేసుకోరాదా అంటే, "నా బడి అదే. బడిని ఎవడైనా పడగొట్టుకుంటాడా?" అనేవాడు.

ఆయన రేకుల షెడ్డు శ్మశానానికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల ఉండేది. ఆ శ్మశానం నేల పక్కనున్న ప్రార్థనా మందిరం వాళ్లది. గోడకి ఆనించి ఎప్పుడూ ఐదారు రాళ్లుండేవి. వాటి మీద పేరుండదు, తారీకుండదు, అడుగున ఒకే ఒక్క మాట: విశ్వాసి. పేర్లూ తారీకులూ ఇంటివాళ్లు పూటకోలా మారుస్తారు. బాబాయి ఒకటంటే మేనత్త ఇంకోటంటుంది. మారనిది ఆ మాటొక్కటే. పైగా 'శ్వ' కింద వత్తు దగ్గర రాయి పెచ్చు లేస్తుంది. హడావిడిలో చెక్కితే రాయంతా పాడు. అందుకని పని లేని రోజుల్లో తీరిగ్గా ఆ మాట చెక్కి పెట్టుకునేవాడు.

ఆ మాట అందరికీ రాదు. మందిరంలో ఏడాదికోసారి సభ ముందు నిలబడి, వాళ్లు నమ్మే సంగతులన్నీ ఒక్కొక్కటే పైకి చెప్పి "ఒప్పుకుంటున్నాను" అన్నవాళ్లకే వస్తుంది. వాళ్లకి నడిమి వరసల్లో చోటు. అలా ఒప్పుకోనివాళ్లు గోడ పక్క వరసలో పడుకుంటారు, వాళ్ల రాయి మీద పేరూ తారీకులే. అలాంటి రాయి నాలుగైదేళ్లకొకటి తగిలేది.

మందిరం పైకప్పు మేస్త్రి పోయినప్పుడు తగిలింది. ముప్పై ఏళ్లు ఆ పెంకుల మీద పాకినవాడు సభ ముందు ఒక్కసారీ నిలబడలేదు. పెద్దలు ఏటా అడిగేవారు. "ముందు ఆ మూల కారుతోంది, చూడనివ్వండి. ఒప్పుకోడం ఎక్కడికి పోతుంది?" అనేవాడు. ముప్పై ఏళ్లూ ఏదో ఒక మూల కారుతూనే ఉంది.

మేస్త్రిని గోడ పక్కనే పెట్టారు. నెల తిరక్కుండా ఆయన భార్య, దుప్పట్లూ దిండుగలీబులూ కుట్టే మనిషి, పేరూ తారీకులూ రాసిన కాగితం తెచ్చిచ్చింది. నిదానం, మేస్త్రి ఒక కంచంలో తిన్నవాళ్లు. చెయ్యి ఉలి మీద ఉంది గానీ మనసు లేదు. అలవాటుగా గోడకున్న రాయి ఒకటి లాగి చెక్కేశాడు. పేరు అంత చక్కగా ఎన్నడూ కుదరలేదు.

మర్నాడు మాస్టారు వచ్చాడు. మందిరం పుస్తకం రాసే పెద్దమనిషి, బడి మానేసినా బెత్తం మానని రకం. రాయి ముందు వంగి, కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఏమయ్యా నిదానం, మేస్త్రి ఎప్పుడు ఒప్పుకున్నాడు? నాకు చెప్పకుండా పైకప్పెక్కి ఒప్పుకున్నాడా?"

నిదానం ఉలి పక్కన పెట్టి తనూ వంగాడు. అప్పుడు చూశాడు, అడుగు వరస.

"పొరపాటు నాదే మాస్టారూ. కానీ రాతి మీద తుడుపుగుడ్డ పనిచెయ్యదు. వేలిమందం అరగదీస్తే గానీ పోదు. పేరు కూడా పోతుంది."

"పోనీ. మళ్లీ చెక్కు."

"ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఇది మూడొందలసార్లు చెక్కాను. అర్థం మాత్రం ఎవర్నీ అడగలేదు. ముప్పై ఏళ్లు మీ నెత్తి తడవకుండా చూసినవాడు విశ్వాసి కాడా?"

మాస్టారు రాతిదిమ్మ మీద కూర్చున్నాడు. కోప్పడలేదు. "మంచివాడు. నాకంటే మంచివాడేమో. కానీ ఇది మంచివాడన్న మాట కాదయ్యా. వాడుకలో నమ్మకమున్న ఎవర్నైనా విశ్వాసి అంటారు, కుక్కని కూడా విశ్వాసమున్న జంతువంటారు. మా రాతి మీద మాత్రం దానికి ఒకటే అర్థం. ఈ మనిషి ఈ సంగతులు నిజమని నోటితో చెప్పాడు, మేం చెవులతో విన్నాం. అంతే. మనసులో ఏముందో మాకేం తెలుసు? అది పొగడ్త కాదు, సాక్ష్యం. విననిదానికి సాక్ష్యం చెప్పమంటావా?"

కాగితం మీద రాసివ్వందే తారీకు చెక్కననేది నిదానం నియమం. ఒకసారి గొప్పింటి వాళ్లు వయసు రెండేళ్లు తగ్గించమంటే రాయి వెనక్కిచ్చేశాడు కూడా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వాదిస్తాడు? గ్రైండర్ కోసం లేచాడు గానీ, మేస్త్రి భార్యతో చెప్పకుండా చెయ్యి ఆడలేదు.

మేస్త్రి ఇంటికెళ్లేసరికి కుట్టుమిషను ఆడుతోంది. గది నిండా తెల్లగలీబులు.

"రా అన్నయ్యా. ఆ కుర్చీ మీద బట్టలు తోసెయ్. రాయి అయిందా?"

"అయింది చెల్లెమ్మా. కాకపోతే కింద..."

"విశ్వాసి అనుంది."

"నువ్వు చూశావా?"

"కాగితమిచ్చిన రోజే, నువ్వు ఆ రాయి లాగుతుంటే చూశా. నాకు చదువొచ్చుగా." ఆమె చక్రం ఆపింది. "ఆయన ముప్పై ఏళ్లు తప్పించుకుని తిరిగి, చివరికి నీ ఉలికి దొరికిపోయాడని నవ్వుకున్నా. నోరు మూసుకున్నా."

"ఎందుకమ్మా?"

"నేను పెళ్లికి ముందే ఒప్పుకున్నదాన్ని. రేపు నన్ను నడిమి వరసలో పెడతారు, ఆయనక్కడ గోడ పక్క. మాస్టారు పోయాక పుస్తకం ఎవడు తిరగేస్తాడు? రాయే చూస్తారు. ఇద్దరి మీదా ఒకటే మాటుంటే పక్కపక్కనే పెడతారని ఆశ." ఆమె గలీబు మడత పెట్టింది. "తప్పంటావా?"

"ఆశ తప్పు కాదు. వాడు మనసులో ఒప్పుకున్నాడో లేదో నాకు తెలీదు చెల్లెమ్మా. తెలీనిది చెక్కితే, నేను చెక్కినవన్నీ ఎవడు నమ్ముతాడు? వాడి పేరు కూడా."

ఆమె దారం సూదిలోకి ఎక్కించింది, మళ్లీ లాగేసింది.

"అరగదీసెయ్. ఆయనకీ నచ్చదు. తను అనని మాట అన్నాడంటే కొట్టడానికొచ్చేవాడు." లేచి చెప్పులు వేసుకుంది. "నడు, మాస్టారు దగ్గరకి. నా సంగతి నేనే అడుగుతా."

మాస్టారు అప్పటికి రోడ్డు దాటి శ్మశానం గేటు దగ్గరున్నాడు. ఆమె తిన్నగా గోడ వరసకి నడిచి, మేస్త్రి పక్కన ఖాళీ నేల చూపించింది.

"ఇది నాకు రాయండి."

"నీకక్కడేంటమ్మా? నువ్వు ఒప్పుకున్నదానివి. నడిమి వరసలో నీ చోటు ఉంది."

"ఒప్పుకున్నా, ఇప్పటికీ ఒప్పుకుంటున్నా. నా రాయి మీద ఆ మాట ఉండాల్సిందే, నేనన్న మాటే కాబట్టి. ఆయన రాయి మీద ఉండదు, అనలేదు కాబట్టి. కానీ పక్కన ఉండకూడదని మీ పుస్తకంలో ఉందా?"

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "గోడ వరసలో విశ్వాసులెవరూ ఇంతవరకు లేరు."

"నేనడిగింది అది కాదు మాస్టారూ. ఉండకూడదని రాసుందా?"

"లేదు." ఆయన మెల్లగా అన్నాడు. "ఎవరూ అడగలేదు."

"నేనడుగుతున్నా."

మాస్టారు నిదానం వైపు చూశాడు. "నిదానం, నిదానం అంటూ నిలబడతావేంటయ్యా? టేపు తీయి."

నిదానం టేపు తీశాడు. రెండో కొస పట్టుకోవడానికి మాస్టారే వంగాడు, మోకాళ్లు కటకటమంటున్నా. గోడకీ మేస్త్రికీ మధ్య ఆరడుగులు తేలింది, చాలినంత.