గట్టిగా నొక్కిన మూతి

భూపాలపల్లిలో పోలీసు ఆయుధాల గదిలో చేరిన కొత్తలో, శిక్షణ కోసం మందులేని డమ్మీ తూటాలు చేసే పని నాకు అప్పగించారు. పిస్టల్‌లో పేలిన ఇత్తడి తొడుగు కొంచెం ఉబ్బుతుంది. దాన్ని అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెస్తాం. తర్వాత అందులో సీసపు గుండు కూర్చి, తొడుగు మూతిని దాని చుట్టూ బిగిస్తాం.

కొలతకు తేవడం బాగానే పట్టుబడింది. బిగింపు దగ్గరే భయం. గుండు ఎక్కడ ఊడుతుందోనని ఒంటి బరువంతా ప్రెస్సు పిడి మీద వేశాను. తీరా తూటాను బల్లకు ఆనించి నొక్కితే గుండు లోపలికి జారింది. ఇంకా గట్టిగా బిగించాను, ఇంకా వదులైంది. నాకు ఒళ్లు మండిపోయింది.

పక్కన పనిచేసే అన్న నవ్వాడు. "గట్ల పిసుకుతే ఎట్ల చెల్లె? ఇత్తడి మళ్ల జర తెరుసుకుంటది. లోపల నలిగిన గుండు తెరుసుకోదు. ఇగ పట్టేడుంటది?"

ఆదివారం నర్సింహులపేటకు వెళ్లి, అమ్మ పక్కన కూర్చుని నువ్వుల పొడి కూరిన గరిజెల అంచులు ఒత్తుతూ ఈ సంగతంతా గొప్పగా చెప్పాను. అమ్మ మూకుడులో విచ్చుకున్న నా మొదటి గరిజెను, నూనెలో చెదిరి నల్లబడిన నువ్వులను జల్లిగంటెతో తీసి పక్కన పడేసింది.

"తుపాకుల కాడ చెప్తే గని తెల్వలేదా నీకు? చిన్నప్పటి సంది నేను మొత్తుకునేది గదే గద."

నా చేతిలోకి చూసుకున్నాను. రెండో గరిజె అంచు అప్పటికే నలిగిపోయి ఉంది.