నిండు బావి దగ్గర కొన్న ఫైరింజను

ఆయన్ని చంపింది మీరు. చదువుతున్న మీరే. మన ఊరి ఫైర్‌స్టేషన్ పాత ఫోర్మన్ పోయిన మంగళవారం పొద్దున ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. డాక్టరుకు తెలిసింది అంతే. పక్కింట్లో పదేళ్ళకు పైగా ఉన్నవాణ్ని, నాకు ఇంకొంచెం తెలుసు.

శ్మశానానికి పదకొండు మందిమి వెళ్ళాం. అందులో ఇద్దరు ఫైర్‌మెన్, మామూలు చొక్కాల్లో. యూనిఫాం వేసుకుని పోవద్దని వాళ్ళకు పైనుంచి మాట వచ్చిందట. ఆ మాట ఎవరిదని అడిగితే ఇద్దరూ నేల చూశారు. మీరెవరూ రాలేదు. వచ్చుంటే ఆ నేల చూపు మీక్కూడా కనపడేది.

ఆయనది కెంచనగుడ్డ. ఏటి ఒడ్డున పుట్టి, మీసాలు రాకముందే మద్రాసు పోయి, అక్కడి ఫైర్ సర్వీసులో చేరాడు. మన జిల్లా మద్రాసు రాష్ట్రాన్ని వదిలి మైసూరులో కలిసిన కొత్తలో, మన ఊళ్ళో స్టేషన్ పెడుతున్నారంటే ఫోర్మన్‌గా తిరిగొచ్చాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించి, అగ్గిపుల్లను తడి మట్టిలో గుచ్చేవాడు. ఆర్పింది ఆరిందా అని ఇంకోసారి చూసేవాడు. ఆ తర్వాతే మాట.

మద్రాసులో ఫైరింజన్లు ఎలా కొంటారని ఒకసారి అడిగాను.

"ఆడ కంపెనీవాణ్ని కుర్చీలో కూచోబెట్టరప్పా, బండి కింద పండబెడతారు" అన్నాడు. "నట్టు యాడుండాది, వాల్వు పోతే ఎన్ని దినాలకు వస్తాది, యాణ్ణించి వస్తాది, అన్నీ అడుగుతారు. బండి మీద నిలబడే మాలాంటోళ్ళను పిల్చి, పాత బండి మిమ్మల్ని యాడ ఏడిపించిందిరా అని రాపిస్తారు. ఆ కాగితం కంపెనీవాని మొగాన పెట్టి, దీనికి జవాబు చెప్పు అంటారు. పొద్దున్నించి మాపటిదాకా ఆపకుండా పంపు తిప్పిస్తారు. అన్నీ అయినాక, కట్టకడాకు ధర రాసిన కవరు విప్పేది."

"మొదటే విప్పితే?"

"మొదటే విప్పితే మిగతావి ఎవడు చూస్తాడప్పా?"

ఆయనకొక అలవాటుండేది. ఏ వీధిలో పోతున్నా బావి కనపడితే ఆగి, రాయి కట్టిన తాడు దించి, నీళ్ళు ఎన్ని బారల్లో ఉన్నాయో కొలిచేవాడు. ఇంటికొచ్చి గోడ మీద బొగ్గుతో రాసేవాడు. ఏ బావి, ఏ నెల, ఎన్ని బారలు. మీ పెరటి బావి కూడా ఆ గోడ మీద ఉంది. మీ ఆడవాళ్ళు "ఫోర్మనప్పకు తిక్క" అని నవ్వేవాళ్ళు. ఆ తిక్కలోని లెక్క చిన్నది, మీకిప్పుడైనా చెబుతాను. రోడ్డు మీద నిలబడ్డ ఇంజను ఎంత పెద్దదైనా నాలుగు బారల లోతు దాటితే నీళ్ళు పీల్చలేదు. అది కంపెనీ తప్పు కాదు, గాలి ధర్మం. మన బావుల్లో ఎండాకాలం నీళ్ళు ఏడు బారలకు దిగిపోతాయి. కాబట్టి మనకు కావలసింది నలుగురు మోసుకుని బావి మెట్లు దిగి, నీళ్ళ పక్కనే పెట్టి తిప్పగల చిన్న పంపు. దాన్ని ఇంజనుతో పాటు ఇచ్చే కంపెనీ ఒకటుంది. ఇవ్వని కంపెనీ ఇంకొకటి.

స్టేషన్‌కు ఇంజను కొనడానికి వేసిన కమిటీ ఆ రెండు కంపెనీల బళ్ళనూ పరీక్షకు పిలిచింది. ఎప్పుడు? ఆయుధపూజ నాడు. మంచిరోజు గదా! వానలు పడి బావులన్నీ అంచుదాకా నిండి ఉన్న రోజు. పెద్ద బండికి ఇత్తడి గంట, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. గుమ్మడికాయ కొట్టారు. పత్తి మార్కెట్ బావిలో పైపు వేస్తే మూడంతస్తుల ఎత్తున నీళ్ళు లేచాయి. మీరు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఫోర్మన్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "సామీ, ఇది నిండు బావి. నిండు బావి కాడ దోసిలి కూడా ఫైరింజనే. ఉగాది దాటనీండి, ఈడనే మళ్ళా చూద్దాం."

కమిటీలో ఒక రైసుమిల్లు ఆసామి, కోస్తా నుంచి కాలవ కింద భూములకు వచ్చి స్థిరపడ్డాయన, రెండో కంపెనీ తెచ్చిన చిన్న పంపును కాలితో తట్టి నవ్వాడు. "ఏవయ్యా, ఇలాంటిది మా హచ్చొళ్ళి పొలంలో తుప్పు పట్టి పడుంది. కావాలంటే పట్టుకుపో. ఉగాది దాకా ఆగితే ఇంత మంచి రోజు మళ్ళీ ఎక్కడ దొరుకుద్ది?"

అందరూ నవ్వారు. గంట ఉన్న బండి కొన్నారు.

దాని చెడ్డ రోజు మూడో ఎండాకాలం వచ్చింది. మిట్టమధ్యాహ్నం పత్తి మిల్లు అంటుకుంది. ఇంజను వెంటనే వచ్చింది, గంట కొట్టుకుంటూ. బండిలో ఉన్న నీళ్ళు బీడీ కాలేంత సేపట్లో అయిపోయాయి. మార్కెట్ బావిలోకి పైపు వేశారు. పైపు అందింది, నీళ్ళూ అందాయి, పైకి మాత్రం రాలేదు. ఇంజను అరుస్తూ గాలి మింగింది. ఫోర్మన్ మెట్ల మీదుగా బావిలోకి దిగి, బిందెలు నింపి పైకి అందించాడు. పైన, మిల్లు అటక మీద, దూది ఏరే ఆడవాళ్ళు నలుగురు. వాళ్ళ అరుపులు బావిలోకి వినిపించాయి. తర్వాత వినిపించలేదు.

విచారణ జరిగింది. ఇంజను పరీక్షలో నెగ్గినదే కదా, దానిలో లోపం ఎలా ఉంటుంది? అందుకని, ఫోర్మన్ పైపును సకాలంలో సరిగా అమర్చలేదని రాశారు. ఉద్యోగం తీసేశారు. మిగతా పని మీరు చేశారు.

మార్కెట్ పక్క కాఫీ హోటల్లో ఒకనాడు ఆయన మంచినీళ్ళు అడిగాడు. పత్తి దళారీ ఒకడు గ్లాసు ముందుకు తోశాడు, అడుగున గుక్కెడు నీళ్ళతో.

"చూడప్పా ఫోర్మనూ, లోతులో ఉండాయి. అందుతాయా? పైపు తెప్పిచ్చల్లా?"

హోటలంతా పగలబడి నవ్వింది. ఆయన ఆ గుక్కెడూ తాగి, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. నేనూ ఆ బల్ల దగ్గరే ఉన్నాను. సాయంత్రం అరుగు దగ్గరికెళ్ళి, నేను నవ్వలేదని చెప్పుకున్నాను.

"నవ్వలేదు, సరే. లేసినావా?" అన్నాడు.

నాకు చదువు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ రెండు ముక్కలంత నేర్పినవాళ్ళు లేరు. ఆయనే ఇంకోటి అనేవాడు: "దేన్నయినా దాని చెడ్డ దినాన చూడల్లప్పా. మంచి దినాన అందరూ మంచోళ్ళే." నాయకుల్ని, సంఘాల్ని, నన్ను కూడా ఇప్పుడు అలాగే చూస్తున్నాను. ఎవరమూ నెగ్గడం లేదు.

పోయే ముందు వారం దగ్గు మధ్య ఒకే మాట చెప్పాడు. "ఆ పొద్దు నీళ్ళు లేవనుకుంటారు అందరూ. ఉండాయప్పా. పైపు గాలి మింగతాంటే, నా మోకాళ్ళ కాడ మెరస్తాండాయి." చెయ్యి మంచం అంచు మీదనుంచి కిందికి దించి, వేళ్ళు ఆడించాడు.

వచ్చే ఆయుధపూజకు కమిటీ రెండో ఇంజను కొనబోతోంది. జాబితాలో మొదటి పేరు అదే కంపెనీది. కన్నీళ్ళు మీ దగ్గరే ఉంచుకోండి. ఇవి చేయించండి.

పరీక్ష ఆయుధపూజ నాడు వద్దు. ఉగాది దాటాక, అన్నిటికంటే లోతుకు ఎండిన బావి దగ్గర పెట్టాలి.

బావిలోకి దించే పంపు ఇవ్వని కంపెనీని పరీక్షకే పిలవకూడదు.

ఇంజను మీద నిలబడేవాళ్ళు సరేననే దాకా ధర కవరు విప్పకూడదు.

విచారణ నివేదికలో ఫోర్మన్ మీద రాసిన వాక్యం కొట్టెయ్యాలి. కొట్టేసినవాళ్ళు పక్కన సంతకం పెట్టాలి.

అదే నివేదికలో చచ్చిపోయినవాళ్ళను "ఆడకూలీలు, నలుగురు" అని రాశారు. వాళ్ళవాళ్ళు మిల్లు వెనక గుడిసెల్లోనే ఉన్నారు. వెళ్ళి, పేర్లు అడిగి, రాయాలి.